బానెట్ కింద ‘టిక్ టిక్’

కారు గురించి రాస్తానంటే మావారు నవ్వారు. “గుత్తి వంకాయ గురించి రాయి, నలుగురూ చదువుతారు” అన్నారు. గుత్తి వంకాయ ఎలా చేయాలో ఈ పేజీ చదివే వాళ్లకి నేను చెప్పాలా! కారు డ్రైవింగ్ సీట్లో ఎవరు కూర్చున్నా, వెనక సీట్లో పిల్లల్నీ పెద్దవాళ్లనీ సర్ది, తలుపులు సరిగ్గా పడ్డాయో లేదో చూసేది మనమే కదా. ఆ తలుపులు మూశాక లోపలికి వచ్చే గాలి ఎలాంటిదో కూడా మనకి తెలియాలి. అందుకే ఈ సోది.

విషయం ఏమిటంటే ‘ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్’. పదిహేనేళ్లుగా కథలు రాస్తున్నాను, ఈ మాట నా ఏ కథలోనూ రాలేదు. కిందటి ఏడాది మాత్రం మా ఇంట్లో రెండు నెలల పాటు కాఫీ దగ్గర, భోజనాల దగ్గర, ఫోన్లలో ఇదే మాట.

మా మామగారు 2006లో ముచ్చటపడి ఒక టర్బో పెట్రోల్ కారు కొన్నారు. ఏ కంపెనీదో చెప్పను. ఇన్నేళ్లు తిరిగిన బండికి ఒక భాగం పగిలితే కంపెనీని ఆడిపోసుకోవడం న్యాయం కాదు. మామగారు పోయాక దాన్ని అమ్మడానికి మా అత్తయ్యగారు ససేమిరా అన్నారు. 2021లో పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ మరో అయిదేళ్లకి పొడిగించుకున్నాం. నెలకోసారి ఆవిడని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్లడం, పండక్కి ఊరెళ్లడం, అడపాదడపా పిల్లల్ని స్టేషన్‌లో దింపడం... ఇంతే దాని పని.

<b>టర్బో అంటే మనింట్లోనూ ఉందేమో!</b>

టర్బో అనగానే రేసు కార్లు గుర్తొస్తాయి. కానీ మీ ఇంట్లో స్విఫ్ట్ డీజిల్ ఉన్నా, ఇన్నోవా డీజిల్ ఉన్నా, స్కార్పియో ఉన్నా అందులో ఉన్నది టర్బోనే. ఇప్పుడొస్తున్న ఒక లీటరు పెట్రోల్ కార్లలో కూడా చాలావాటికి ఉంటోంది. ఇదేమీ నిన్నటి విద్య కాదు. ఆల్‌ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. మామూలు జనం కొనుక్కునే కార్లలోకి రావడానికి మాత్రం 1962 దాకా పట్టింది. ఆ ఏడాది అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వేర్ అనే రెండు కార్లు టర్బోతో వచ్చాయి.

చేసే పని తేలికగా చెబుతాను. ఇంజన్‌లో పెట్రోలు కాలాక వేడి పొగ బయటికి పోతుంది కదా. ఊరికే పోయే ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పిస్తారు. అదే ఇరుసుకి రెండో పక్కన ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ కాల్చవచ్చు, బలం ఎక్కువ వస్తుంది. ఆ చక్రం ఎంత వేగంగా తిరుగుతుందో తెలుసా? నిమిషానికి లక్ష చుట్ల పైమాటే. చిన్న టర్బోలైతే రెండు లక్షలు కూడా దాటతాయి. మన మిక్సీ ఎంత గోల చేసినా ఇరవై వేల దగ్గరే ఆగిపోతుంది!

ఇప్పుడు మేనిఫోల్డ్ సంగతి. మన కార్ల ఇంజన్లలో సాధారణంగా నాలుగు సిలిండర్లు. నాలుగు పొయ్యిలనుకోండి. నాలుగింటి పొగనీ ఒక్కచోటికి చేర్చి టర్బో మూతికి అందించే గొట్టాల గుత్తి పేరే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్. టర్బో లేని కారులో దాని పని పొగని కిందికి పంపడం వరకే. టర్బో ఉన్న కారులో అది టర్బోని మోయాలి కూడా. కిలోల బరువున్న ఇనప ముద్ద దాన్ని పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా అదీ ఊగుతుంది. పైగా పెట్రోల్ టర్బో ఇంజన్‌ని గట్టిగా తోలితే లోపలి పొగ 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. డీజిల్‌లో అంతకంటే తక్కువ. రాత్రిపూట చూస్తే కొలిమిలో కర్రులా ఎర్రగా మెరుస్తుందట. మా మెకానిక్ గారు చెప్పారు, నేను చూడలేదు.

ఉదయం చల్లగా ఉండే ఇనుము పావుగంటలో కొలిమి అవుతుంది. ఆఫీసు దగ్గర ఆపితే మళ్లీ చల్లారుతుంది. రోజుకి రెండు మూడు సార్లు చొప్పున ఏళ్ల తరబడి ఇలా సాగుతూ, ముడుచుకుంటూ ఉంటే పోత ఇనుము ఎక్కడో ఒకచోట పట్టు వదులుతుంది. సన్నని బీట పడుతుంది. లేదా ఇంజన్‌కి ఆనే అంచు వంగిపోతుంది. లేదా బిగించిన స్టడ్ ఒకటి తెగుతుంది. మా దానికి మొదటిదీ మూడోదీ రెండూ జరిగాయి.

<b>చలి పొద్దున వినండి</b>

పొద్దున్నే స్టార్టు చేయగానే బానెట్ కింద నుంచి ‘టిక్ టిక్ టిక్’ అని శబ్దం వచ్చేది. కుట్టుమిషన్ నెమ్మదిగా తొక్కినట్టు. అయిదు నిమిషాలు పోతే మాయం. “వేడెక్కితే పోతోందిగా, ఏమీ కాదు” అన్నారు మావారు. నిజానికి వేడెక్కితే పోవడమే దాని గుర్తు! చల్లగా ఉన్నప్పుడు బీటలోంచి పొగ చిమ్ముతూ ఆ చప్పుడు చేస్తుంది. లోహం వేడికి సాగాక బీట కాస్త మూసుకుంటుంది. మూసుకున్నంత మాత్రాన పొగ పూర్తిగా ఆగదు.

రెండో గుర్తు, బానెట్ ఎత్తి చూస్తే మేనిఫోల్డ్ ఇంజన్‌కి కలిసే చోట పొయ్యి గోడకి పట్టినట్టు మసి చార. మూడోది, కారుకి పికప్ తగ్గడం. పొగ దారిలోనే తప్పించుకుంటే టర్బో చక్రాన్ని ఎవరు తిప్పుతారు మరి? వంతెన ఎక్కేటప్పుడు బండి బద్ధకిస్తుంది, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగుతుంది.

నాలుగో గుర్తు కారుకి కాదు, మనుషులకి. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

గుంటూరు వెళ్లొచ్చినప్పుడల్లా అత్తయ్యగారు తలనొప్పి అనేవారు. కడుపులో తిప్పుతోందనేవారు. ఆస్పత్రిలో పరగడుపున రక్తం ఇచ్చారు కదా, ఏసీ పడలేదేమో, ఎండ దెబ్బేమో అని మాలో మేము సరిపెట్టుకునే వాళ్లం. మా అమ్మాయి కూడా దారిలో తూగిపోయేది, దాన్ని లేపితే చిరాకు. అయితే బస్సులో వెళ్లినప్పుడు ఇద్దరికీ ఏమీ లేదు. అదే ఎండ, అదే పరగడుపు! అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

పెట్రోలు కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అంచేత ఒంటికి ఆక్సిజన్ అందదు. మొదట తలనొప్పి, వికారం, మత్తు, తర్వాత స్పృహ తప్పడం, మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. సైలెన్సర్ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. ఈ విషవాయువుని చాలావరకు తగ్గించేది అదే. మేనిఫోల్డ్ ఆ డబ్బా కంటే ముందు ఉంటుంది. అంటే బీటలోంచి వచ్చేది శుద్ధి కాని పచ్చి పొగ. అది బానెట్ కింద నిండుతుంది. ఏసీ బయటి గాలిని పీల్చుకునే రంధ్రమేమో సరిగ్గా ముందు అద్దం కింద, బానెట్ చివరన! సిగ్నల్ దగ్గర బండి ఆగి ఉన్నప్పుడు ఆ పొగ నేరుగా లోపలికి వచ్చే వీలుంది.

ఏసీని ‘లోపలి గాలి’ మీద పెట్టుకుంటే సరిపోదా అని మా అమ్మాయి అడిగింది. కొంత తగ్గుతుంది గానీ అది మందు కాదు. అనుమానం ఉంటే అద్దాలు దించుకుని మెల్లగా మెకానిక్ దగ్గరికి వెళ్లడమే. ఇక తలుపులు మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి ఉంచడం, పిల్లలు నిద్రపోయారని ఏసీ వేసి కారులోనే వదిలేయడం, కారు కొత్తదైనా సరే, ఎప్పుడూ చేయకండి.

<b>మా మరిది గారి ముచ్చట</b>

మా మరిది బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడు డ్రైవింగ్ నేర్చుకున్నది వాళ్ల నాన్నగారి పక్కన కూర్చుని, ఈ కారులోనే. మేనిఫోల్డ్ పగిలిందని ఫోన్లో చెబితే బాధపడతాడనుకున్నాను. ఎగిరి గంతేశాడు!

“వదినా, ఇదే అదను. పాతది పారేసి ట్యూబులర్ వేయిద్దాం. నా బోనస్ డబ్బులతో నేనే పెడతాను. నాన్న బండి ఎలా ఉరుకుతుందో చూడు!”

ట్యూబులర్ అంటే పోత పోసింది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు వంచి, నాలుగూ సమానమైన పొడవు వచ్చేలా అతికి చేసింది. వాడు పంపిన ఫొటోలు చూస్తే నిజంగానే ముద్దొచ్చాయి. వీణ మెట్లలా, వంపులు తిరిగిన గొట్టాలు, వెల్డింగు దగ్గర నీలం, ఊదా రంగుల చారలు. మా కారులో ఉన్నదేమో నల్లగా, మొద్దుగా, దుంగలా ఉంటుంది. ఇంగ్లీషులో కూడా దాన్ని ‘లాగ్’ మేనిఫోల్డ్ అనే అంటారు.

వాడు చెప్పే శాస్త్రం తప్పేమీ కాదు. నాలుగు సిలిండర్లు ఒకేసారి పొగ వదలవు, సాధారణంగా 1-3-4-2 వరసలో వంతులవారీగా వదులుతాయి. దుంగ లాంటి పోతలో ఒకదాని పొగ ఇంకోదాని దారికి అడ్డం పడుతుంది. సమానమైన గొట్టాలుంటే ఎవరి దారి వాళ్లది, టర్బో దగ్గరికి వంతు తప్పకుండా చేరతారు. సుబారు కార్ల గొట్టాలు సమానంగా ఉండకపోవడం వల్లనే వాటికి ఆ ‘గుడ గుడ’ శబ్దం వచ్చిందని వాడే చెప్పాడు.

సరే, ముచ్చట పడుతున్నాడు. డబ్బు వాడిది, నాన్న జ్ఞాపకం. ఎవరైనా ఎలా కాదంటారు? కానీ ఆ కారులో ముందు సీట్లో కూర్చునేది డెబ్భై ఏళ్లు దాటిన వాళ్లమ్మ. అందుకని నేను కాదనలేదు, అవుననీ అనలేదు. “ఆటోనగర్లో అడిగి చెబుతాను” అన్నాను.

<b>ఆటోనగర్ పాఠం</b>

విజయవాడ ఆటోనగర్ గురించి మీకు చెప్పక్కర్లేదు. లారీ బాడీలు కట్టే వాళ్ల దగ్గర నుంచి సూది లాంటి పిన్ను తయారుచేసే లేతు మిషన్ల దాకా అన్నీ ఉంటాయి. మా మామగారికి తెలిసిన మెకానిక్ గారు అక్కడ ముప్పై ఏళ్లుగా ఉన్నారు. ఆడవాళ్లు వస్తే మగవాళ్ల వైపు చూసి జవాబు చెప్పే రకం కాదు. స్టూలు వేయించి, టీ తెప్పించి, పగిలిన మేనిఫోల్డ్‌ని టార్చి వేసి చూపించారు. మూడు, నాలుగు గొట్టాలు కలిసే చోట తల వెంట్రుకంత బీట.

“మూడు దార్లున్నాయమ్మా” అన్నారు.

మొదటిది, పగిలిందాన్నే వెల్డింగు చేయించడం. చవక. కానీ పోత ఇనుముని అతకడం రోటి పచ్చడి నూరినంత తేలిక కాదు. ముందు మొత్తం వేడి చేయాలి, నికెల్ కడ్డీతో అతకాలి, తర్వాత సున్నంలోనో బూడిదలోనో పాతిపెట్టి గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడి చల్లారిస్తే అతుకు పక్కనే ఇంకో బీట పడుతుంది. అంత శ్రద్ధగా చేసినా టర్బో బండి వేడికి ఎన్నాళ్లుంటుందో చెప్పలేనన్నారు. “అంబులెన్సు లాంటిదమ్మా, ఇంటికి చేరడానికి పనికొస్తుంది.”

రెండోది మా మరిది ముచ్చట. దాన్ని ఆయన కొట్టిపారేయలేదు. ఒక కాగితం మీద లెక్క వేశారు. ఆ లెక్క నాకు తెగ నచ్చింది. నలభై సెంటీమీటర్ల పొడవున్న అంచు ఆరు వందల డిగ్రీలు వేడెక్కిందనుకోండి. పోత ఇనుమైతే రెండున్నర, మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. స్టెయిన్‌లెస్ అయితే నాలుగు మిల్లీమీటర్ల పైనే! దాన్ని బిగించిన ఇంజన్ తల మాత్రం నీళ్లతో చల్లబడుతూ నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది, అంత సాగదు. ఒకటి సాగుతానంటుంది, ఒకటి సాగనివ్వనంటుంది. మధ్యలో నలిగేది స్టడ్లు, వెల్డింగులు. అందుకే మంచి ట్యూబులర్‌లో బోల్టు కన్నాలు కాస్త కోలగా వేస్తారు, అంచుని పోర్టుకీ పోర్టుకీ మధ్య కోసేస్తారు, ఎవరికి వారు సాగేలా. గొట్టం మందం మూడు మిల్లీమీటర్లకి దగ్గరగా ఉండాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల రేకు గొట్టం టర్బో బరువుని ఎక్కువకాలం మోయలేదు, దానికి కింద నుంచి విడిగా ఆసరా పట్టీ ఇవ్వాలి. వెల్డింగు చేసేటప్పుడు గొట్టం లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాలి. లేకపోతే లోపలి వైపు అతుకు పటిక బెల్లంలా గరుకుగా పొక్కుతుంది. ఆ పలుకు ఒకటి ఊడి లక్ష చుట్లు తిరిగే చక్రానికి తగిలితే? టర్బో ఖర్చు మళ్లీ మొదటికొస్తుంది.

“ఇవన్నీ చూసి చేసినవి బాగానే ఉంటాయమ్మా, ఖరీదూ అలాగే ఉంటుంది. చవకగా వచ్చే వాటిలో ఇవి ఉండవు, మెరుపు మాత్రం ఉంటుంది” అన్నారు.

మరి బలం పెరుగుతుందా అని అడిగాను. ఆయన నవ్వి “సీసా మూతి సన్నగా ఉంటే గరాటు పెద్దది కొని ఏం లాభం?” అన్నారు. మా కారు టర్బో చిన్నది. అడ్డంకి అక్కడుంది. మేనిఫోల్డ్ ఒక్కటే మారిస్తే పెరిగేది అంతంత మాత్రం. తేడా కనబడాలంటే టర్బో పెద్దది కావాలి, దానికి తగ్గట్టు కంప్యూటర్ లెక్కలు మార్చాలి, ఇంధనం సరఫరా చూడాలి, క్లచ్ చూడాలి... ఇల్లు సున్నం వేయిద్దామని మొదలుపెట్టి గోడలు పడగొట్టే వ్యవహారం. పైగా పొడుగు గొట్టాలు నిండడానికి పొగకి సమయం పడుతుంది, దారిలో వేడి పోతుంది. పొట్టి దుంగలో అయితే పొగ వేడిగా, తొందరగా చేరుతుంది. రేసు ట్రాక్ మీద పొడుగు గొట్టాలు గొప్ప. బెంజి సర్కిల్ దగ్గర ఫస్టు గేరులో పాకే బండికి పొట్టిదే సుఖం. ఈ ముక్క మా మరిది కూడా ఒప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. మాది అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్‌కి నిలబడాల్సిన బండి. ప్రమాదం ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే అవుతుంది. చల్లగా ఉండే సాయంత్రాలు మాకు కొన్నే ఉన్నాయి, వాటిని కోర్టు కాగితాలతో గడపడం నాకిష్టం లేదు.

<b>మూడో దారి</b>

మూడోదాన్ని చూస్తే పాతదానిలాగే ఉంటుంది. అందుకే ఎవరికీ దాని మీద మోజు ఉండదు. చాలా కంపెనీలు తమ పాత పోతలు ఎక్కడ పగులుతున్నాయో చూసుకుని, తర్వాతి ఏళ్లలో అక్కడ మందం పెంచి, దారులు వెడల్పు చేసి, మెరుగైన ఇనుముతో మళ్లీ పోస్తాయి. వోల్వో వాళ్ల పాత 740 టర్బో కార్లకి 1990 తర్వాత వచ్చిన పోత మేనిఫోల్డ్‌ని వెతికి మరీ బిగించుకునే వాళ్లున్నారు. 90లలో అమెరికాలో అమ్ముడైన మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బో యజమానులు అదే కంపెనీ లాన్సర్ ఎవల్యూషన్ మూడో రకం మేనిఫోల్డ్‌ని తెచ్చి వేసుకునేవారు. అదీ పోతదే, మెరిసే గొట్టాలు కాదు! ఇదంతా మా మరిదే చదివి చెప్పాడు. ట్యూబులర్ వాదన గెలవడానికి చదువుతూ పోయి, వాడంతట వాడే ఇటు తిరిగాడు.

ఇనుములోనూ రకాలుంటాయి. మామూలు పోత ఇనుములో కర్బనం రేకుల్లా పరుచుకుని ఉంటుంది, బీట ఆ రేకుల వెంట పరిగెడుతుంది. ఎస్‌.జి. ఐరన్ అనే రకంలో అదే కర్బనం గుండ్రని పూసల్లా ఉంటుంది, బీట అంత తేలిగ్గా సాగదు. దానికి సిలికాన్, మాలిబ్డినం కలిపితే వేడికి ఇంకా ఓర్చుకుంటుంది. మా కారు ఇంజన్‌కే కంపెనీ ఇచ్చే సవరించిన పోత దొరుకుతుందని తేలింది. భాగం నంబరు చివర ఒక అక్షరం తేడా, అంతే. చట్టానికీ ఇబ్బంది లేదు. ఇరవై రోజులు ఎదురుచూశాం. ఈలోగా కారు కదపలేదు. అత్తయ్యగారిని అద్దె కారులో తీసుకెళ్లాం.

బిగించే రోజు మరిది శెలవు పెట్టి వచ్చాడు. నట్లు విప్పడమే సగం పని. ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె పోసి నానబెట్టారు. అయినా రెండు స్టడ్లు ఇంజన్ తలలోనే విరిగాయి. నా గుండె జారింది. మెకానిక్ గారు మాత్రం తొణకలేదు. విరిగిన ముక్క మీద కొత్త నట్టు పెట్టి వెల్డింగు చేసి, ఆ వేడి మీదే స్పానరుతో తిప్పితే జామకాయ తొడిమలా ఊడొచ్చింది. డ్రిల్లింగు చేసి ఉంటే అల్యూమినియం తల పాడయ్యే ప్రమాదం ఉండేదట. అందుకే ‘గంటలో బిగించేస్తాం’ అనే చోటికి ఈ పని ఇవ్వకండి.

మేనిఫోల్డ్ ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. స్టడ్లు, నట్లు అన్నీ కొత్తవి. గాస్కెట్ పలచని స్టీలు పొరలది. ఇంజన్ తల అంచు వంగిందేమో చదరపు బద్ద పెట్టి చూశారు. టర్బోకి ఆయిల్ తెచ్చే సన్నని గొట్టం కూడా మార్చారు. అది మేనిఫోల్డ్ పక్కనే పోతుంది కాబట్టి ఏళ్ల వేడికి లోపల ఆయిల్ మాడి అడుగంటిన పాల గిన్నెలా గడ్డకట్టి ఉంది. దాన్ని వదిలేస్తే ఆయిల్ అందక టర్బో కాలిపోయేది. ఎప్పుడో ఎవరో విప్పి పారేసిన వేడి కాచే రేకుని వెతికించి మళ్లీ బిగించారు. గుడ్డ పట్టీ చుడితే వేడి తగ్గుతుందిగా అని మరిది అడిగితే, “వేడి లోపలే ఉండిపోయి ఇనుము తొందరగా చస్తుంది బాబూ, రేకు చాలు” అన్నారాయన.

నట్లు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, టార్క్ రెంచితో, రెండు విడతలుగా బిగించారు. ఇది అడిగి మరీ చూడండి. చేతి బలంతో బిగిస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అవుతుంది, మళ్లీ అంచు వంగుతుంది.

మొదటిసారి స్టార్టు చేయగానే బానెట్ కింద నుంచి తెల్లటి పొగ లేచింది! అత్తయ్యగారు “అయ్యో, తగలబడుతోందిరా!” అని కేకేశారు. కొత్త పోతకి పూసిన నూనె కాలడం అది. పది నిమిషాల్లో పోయింది. ఆ కాసేపు అద్దాలు దించి, బయట నిలబడి చూశాం.

‘టిక్ టిక్’ లేదు. కారు మునుపటికంటే తొందరగా అందుకుంటోంది. రేసు కారు కాలేదు, మామగారి రోజుల్లో ఎలా ఉండేదో అలా అయింది. గుంటూరు నుంచి వచ్చాక అత్తయ్యగారు తలనొప్పి అనడం మానేశారు. మా డాక్టరు గారిని అడిగితే “అదే కారణమై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు, బీపీ మందు కూడా మార్చాం కదా” అన్నారు. ఆయన మాట ఆయనది. మా అమ్మాయి మాత్రం ఇప్పుడు దారంతా మెలకువగా ఉండి పాటలు మార్చమని ప్రాణం తీస్తోంది.

ఖర్చు? స్టడ్లు, ఆయిల్ గొట్టం, కూలీ అన్నీ కలిపి కూడా మరిది చెప్పిన మంచి రకం ట్యూబులర్ ఖరీదులో సగమే అయింది. మిగిలిన బోనస్‌లో కొంత పెట్టి వాడు నాలుగు కొత్త టైర్లు వేయించాడు. పాతవి పైకి బాగానే కనిపిస్తున్నా తయారై ఎనిమిదేళ్లయ్యిందని టైరు మీద అంకెలు చూపించాడు. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి చూపించుకోమన్నారు. చల్లారిన బండి మీదే చూడాలి కాబట్టి రాత్రి అక్కడే వదిలి పొద్దున్నే తెచ్చుకున్నాం. ఒక్క నట్టు పావు చుట్టు తిరిగింది, మిగతావి కదల్లేదు.